శీతల వాతావరణపు పచ్చిక గడ్డిలో వేడిని తట్టుకొనే శక్తి: రసాయనిక చర్యల పరిధి, గోదావరి మండలానికి పాఠాలు

ఉపోద్ఘాతం

పచ్చిక బయళ్ల పెంపకం నేడు ఉద్యాన శాస్త్రంలో ఒక ముఖ్య విభాగంగా ఎదిగింది. దేవాలయ ప్రాంగణాలు, విద్యాసంస్థలు, ఆట మైదానాలు, అతిథి గృహాలు, రహదారుల మధ్య భాగాలు, అన్నింటా పచ్చికకు గిరాకీ పెరుగుతున్నది. రాజమహేంద్రవరం సమీపంలోని కడియం, కడియపులంక నర్సరీలు ఈ వ్యాపారానికి మన రాష్ట్రంలో కేంద్రంగా నిలిచాయి. గిరాకీతోపాటు ఒక ప్రశ్న కూడా విస్తరణ శాస్త్రవేత్తల ముందుకు వస్తున్నది. శీతల దేశాల చిత్రాలలో కనిపించే ముదురాకుపచ్చని, మెత్తని గడ్డిని కోస్తా జిల్లాలలో పెంచవచ్చునా? ఏదైనా మందు పిచికారీ చేస్తే అది మన వేసవిని తట్టుకొంటుందా?

దాళ్వా వరి సాగుచేసే రైతు కూడా ఇంచుమించు ఇదే ప్రశ్న వేస్తున్నాడు. పూత దశలో ఎండ ముదిరితే తాలు పెరుగుతుందని అతనికి తెలుసు. దానికి పిచికారీ మందు ఉన్నదా అని అడుగుతాడు. వరి కూడా గడ్డి జాతి మొక్కయే. పచ్చికపై గత పాతికేళ్లలో జరిగిన పరిశోధన ఈ రెండు ప్రశ్నలకూ ఉపయోగపడుతుంది. ఆ పరిశోధన సారాన్ని, అది ఎంతవరకు వర్తిస్తుందో ఆ హద్దులను, అన్నవరం వంటి కోస్తా ప్రాంతానికి దాని అన్వయాన్ని ఈ వ్యాసంలో వివరించడమైనది.

1. పచ్చిక గడ్డిలో రెండు వర్గాలు

పచ్చిక గడ్డి జాతులను శీతల వాతావరణపు గడ్డి, ఉష్ణ వాతావరణపు గడ్డి అని రెండు వర్గాలుగా విభజిస్తారు. క్రీపింగ్ బెంట్ గడ్డి, కెంటకీ బ్లూ గడ్డి, బహువార్షిక రై గడ్డి, టాల్ ఫెస్క్యూ మొదటి వర్గానికి చెందుతాయి. మన గరిక, జోయ్సియా, సముద్రతీరపు పాస్పాలం, సెయింట్ ఆగస్టీన్ గడ్డి రెండవ వర్గానివి.

ఈ విభజనకు మూలం కిరణజన్య సంయోగక్రియ జరిగే మార్గంలో ఉన్నది. శీతల వర్గపు గడ్డి సి3 మార్గాన్ని, ఉష్ణ వర్గపు గడ్డి సి4 మార్గాన్ని అనుసరిస్తాయి. శీతల వర్గంలో ఆకుల పెరుగుదలకు 15 నుండి 24 డిగ్రీల సెల్సియస్, వేళ్ల పెరుగుదలకు 10 నుండి 18 డిగ్రీలు అనుకూలం. ఉష్ణ వర్గంలో ఆకులు 27 నుండి 35 డిగ్రీల మధ్య చక్కగా పెరుగుతాయి. శీతల వర్గపు వేళ్లు ఆకులకన్నా చల్లని పరిస్థితిని కోరుతాయన్న అంశాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. తరువాతి చర్చకు ఇదే ఆధారం.

2. వేడి గడ్డిని దెబ్బతీసే క్రమం

సి3 మొక్కలలో కర్బన స్థాపనకు తోడ్పడే రూబిస్కో ఎంజైము కార్బన్ డయాక్సైడుతోపాటు ఆక్సిజన్‌ను కూడా గ్రహించగలదు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆక్సిజన్‌ను గ్రహించే వాటా పెరుగుతుంది. దీనివలన కాంతి శ్వాసక్రియ ఎక్కువై, స్థాపించిన కర్బనంలో కొంత తిరిగి బయటకు పోతుంది. రూబిస్కోను క్రియాశీలంగా ఉంచే యాక్టివేజ్ అనే ప్రోటీను కూడా వేడికి త్వరగా దెబ్బతింటుంది. మరొకవైపు సాధారణ శ్వాసక్రియ రాత్రింబగళ్లు వేగం పుంజుకొంటుంది. ఈ విధంగా పిండిపదార్థాల ఉత్పత్తి తగ్గి, ఖర్చు పెరుగుతుంది. రాత్రులు వెచ్చగా ఉన్నప్పుడు ఈ లోటు మరింత పెరుగుతుంది.

లోటు మొదట వేళ్లలో బయటపడుతుంది. కొత్త వేళ్లు రావడం ఆగి, ఉన్నవి కుళ్లి నశిస్తాయి. వేళ్లలో తయారై ఆకులకు చేరే సైటోకైనిన్ హార్మోను సరఫరా తగ్గుతుంది. ఆకులలో ఎథిలీన్ పెరిగి, పత్రహరితం విచ్ఛిన్నమై, ఆకు అకాలంగా పండిపోతుంది. అదే సమయంలో కణాలలో క్రియాశీల ఆక్సిజన్ రూపాలు పేరుకొని పొరలలోని కొవ్వు పదార్థాలను ఆక్సీకరింపజేస్తాయి. పొరలు పటుత్వం కోల్పోయి కణద్రవంలోని లవణాలు బయటకు కారుతాయి.

వేళ్ల పాత్రను నిర్ధారించిన ప్రయోగాలలో అమెరికా శాస్త్రవేత్త బింగ్రూ హువాంగ్, ఆమె సహచరులు క్రీపింగ్ బెంట్ గడ్డిపై జరిపి 2000లో ప్రచురించిన పరిశీలన ముఖ్యమైనది. గాలి, నేల ఉష్ణోగ్రతలను విడివిడిగా 20 లేదా 35 డిగ్రీల వద్ద నిలిపి వారు గడ్డి తీరును గమనించారు. గాలి చల్లగా ఉన్నా నేల వేడెక్కితే గడ్డి తీవ్రంగా క్షీణించింది. గాలి వేడిగా ఉన్నా నేలను చల్లగా ఉంచితే గడ్డి చాలావరకు కోలుకొన్నది. ఆకులపై పిచికారీ చేసే ఏ రసాయనాన్నయినా ఈ ఫలితం దృష్ట్యానే అంచనా వేయాలి. అది వేళ్లకు ఏమి చేస్తుందన్నది అసలు ప్రశ్న.

3. రసాయనిక చర్యలు పనిచేసే తీరు

పరిశోధనలో ఉన్న పదార్థాలను వాటి పని ప్రకారం నాలుగు తరగతులుగా చూడవచ్చు.

(అ) ముందస్తు సంకేతాలు: సాలిసిలిక్ ఆమ్లం, అబ్సిసిక్ ఆమ్లం, కాల్షియం క్లోరైడ్, తక్కువ గాఢతలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఈ తరగతికి చెందుతాయి. ఇవి మొక్కకు రాబోయే ఒత్తిడిని ముందుగా తెలియజేసే సంకేతాలుగా పనిచేస్తాయి. వీటి వలన ఆక్సీకరణ నష్టాన్ని అరికట్టే ఎంజైముల వ్యవస్థ మెరుగుపడుతుంది. లార్కిండేల్, హువాంగ్ 2004లో ప్రచురించిన పరిశీలనలో వేడికి ముందు ఈ పదార్థాలు అందిన బెంట్ గడ్డిలో ఆక్సీకరణ నష్టం తగ్గింది. కెంటకీ బ్లూ గడ్డి, టాల్ ఫెస్క్యూలపై 2001లో వెలువడిన పరిశోధన కాల్షియం పిచికారీకి ఇటువంటి ప్రయోజనాన్నే చూపింది.

(ఆ) ముసలితనాన్ని వాయిదా వేసేవి: జియాటిన్ రైబోసైడ్ వంటి సైటోకైనిన్లు వేళ్ల నుండి తగ్గిన సరఫరాను కొంత భర్తీ చేసి పత్రహరితాన్ని నిలుపుతాయి. బెంట్ గడ్డి వేరు మండలంలో దీనిని అందించినప్పుడు వేడి వలన ఆకు పండిపోవడం ఆలస్యమైనదని 2002లో ప్రచురితమైన ప్రయోగం తెలిపింది. సముద్రపు నాచు సారంలో సహజంగా ఉండే సైటోకైనిన్ల ప్రభావాన్ని కూడా ఇదే గడ్డిపై పరిశీలించారు. ఎథిలీన్ తయారీని నిరోధించే అమైనోఎథాక్సీవినైల్‌గ్లైసిన్ కూడా ఈ తరగతిలోనిదే.

(ఇ) పెరుగుదలను అదుపు చేసేవి: ట్రైనెక్సాపాక్-ఇథైల్ క్రియాశీల జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకొని ఆకు సాగుదలను తగ్గిస్తుంది. గడ్డి పొట్టిగా, దట్టంగా ఉంటుంది. పైపెరుగుదలకు ఖర్చయ్యే పిండిపదార్థం కొంత మిగులుతుంది. నీటి అవసరం కూడా తగ్గుతుంది. వేడి, బెట్ట కలిసి వచ్చినప్పుడు దీని ప్రయోజనాన్ని బెంట్ గడ్డిలో గమనించారు.

(ఈ) కణ రక్షకాలు: గ్లైసిన్ బీటైన్, గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం వంటివి కణాలలో నీటి సమతుల్యతను కాపాడి, ప్రోటీన్లకు, పొరలకు స్థిరత్వం కలిగిస్తాయి.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించదగినది. పైన పేర్కొన్న 2004 పరిశీలనలో ఎథిలీన్‌కు పూర్వ పదార్థమైన ఏసీసీని వేడికి ముందు ఇచ్చినప్పుడు కూడా గడ్డికి మేలు కలిగింది. కాని దీర్ఘకాలపు వేడిలో ఎథిలీన్‌ను నిరోధించడమే మేలు చేస్తుంది. ఒకే హార్మోను ఒత్తిడికి ముందు హెచ్చరికగాను, ఒత్తిడి కొనసాగేటప్పుడు ముసలితనానికి కారణంగాను వ్యవహరిస్తుందని దీని అర్థం. కనుక పదార్థం పేరుతో సరిపెట్టుకోక, దానిని ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా నిర్ణయించాలి.

4. ప్రభావానికి గల హద్దులు

మొదటి హద్దు కాలం. ముందస్తు సంకేతాలు వేడికి ముందే అందాలి. గడ్డి పసుపుబారిన తరువాత సాలిసిలిక్ ఆమ్లం చల్లి ప్రయోజనం ఆశించరాదు. అప్పటికి వేళ్లు దెబ్బతిని ఉంటాయి.

రెండవ హద్దు గాఢత. సాలిసిలిక్ ఆమ్లం తక్కువ గాఢతలో రక్షణనిస్తుంది. గాఢత పెరిగితే ఆ ప్రయోజనం పోయి, అదే ఆక్సీకరణ నష్టానికి కారణం కావచ్చు. మందు ఎంత ఎక్కువైతే అంత మేలు అనే ధోరణి ఇక్కడ పూర్తిగా తప్పు.

మూడవ హద్దు వేడి తీవ్రత, వ్యవధి. ఈ ప్రయోగాలలో అధిక భాగం వృద్ధి గదులలో, నియంత్రిత పరిస్థితులలో, కొన్ని రోజులు లేదా కొన్ని వారాలపాటు జరిగినవి. వేసవిలో కొద్ది వారాలు మాత్రమే వేడి ఉండి తరువాత చల్లబడే సమశీతోష్ణ దేశాలలో ఆ కొద్ది వారాలు గడ్డిని నిలబెట్టగలిగితే చాలు. శరదృతువు రాగానే వేళ్లు తిరిగి పెరుగుతాయి. రసాయనం గడ్డికి గడువును ఇస్తుంది. గడువు ముగిసేలోగా వాతావరణం చల్లబడాలి.

నాల్గవ హద్దు యాజమాన్యం. కోత ఎత్తును పెంచడం, వేసవిలో నత్రజనిని తగ్గించడం, నేలకు గాలి ప్రసరణ కల్పించడం, మురుగు నిలువకుండా చూడడం, ఇవి లోపించినచోట రసాయనం ప్రభావం కనబడదు.

5. అన్నవరం పరిస్థితులకు అన్వయం

అన్నవరం పూర్వపు తూర్పు గోదావరి జిల్లాలో, 2022 నుండి కాకినాడ జిల్లాలో ఉన్నది. రత్నగిరి పాదాన పంపా నది ప్రవహిస్తుంది. తూర్పు కనుమల అంచుకు, సముద్రతీరానికి నడుమ ఉన్నందున ఇక్కడ వేడితోపాటు గాలిలో తేమ కూడా ఎక్కువ. ఈ కోస్తా పట్టీలో మే నెల పగటి ఉష్ణోగ్రతలు సాధారణంగా 37 డిగ్రీలకు అటూ ఇటూ ఉండి, వడగాడ్పుల రోజులలో 40 దాటుతాయి. రాత్రులు సైతం 27 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటాయి. జనవరిలో కూడా పగలు 28 డిగ్రీల వరకు చేరుతుంది.

ఈ అంకెలను మొదటి విభాగంలోని అంకెలతో పోల్చిచూస్తే విషయం స్పష్టమవుతుంది. శీతల వర్గపు ఆకుకు అనువైన గరిష్ఠ పరిమితి 24 డిగ్రీలు. మన జనవరి పగలే దానిని మించుతున్నది. వేళ్లకు అనువైన 10 నుండి 18 డిగ్రీల నేల ఉష్ణోగ్రత వేసవిలో రాత్రివేళ సైతం లభించదు. గాలిలో తేమ అధికంగా ఉన్నందున బాష్పోత్సేకం ద్వారా ఆకు చల్లబడే అవకాశం తగ్గుతుంది. తడి ఆకులపై శిలీంధ్ర తెగుళ్లు వ్యాపిస్తాయి. మార్చి నుండి అక్టోబరు వరకు విరామం లేని ఈ పరిస్థితిలో రసాయనం ఇచ్చే గడువు ముగిసేసరికి చల్లదనం రాదు.

కనుక గోదావరి మండలంలో శీతల వర్గపు గడ్డిని బహువార్షిక పచ్చికగా పెంచమని సిఫారసు చేయడం సమంజసం కాదు. ఏ పిచికారీ షెడ్యూలూ ఈ నిర్ణయాన్ని మార్చజాలదు. ఆ పేరుతో విత్తనం, మందులు కొనుగోలు చేసే సంస్థ ప్రతి ఏటా అదే ఖర్చును తిరిగి భరించవలసి వస్తుంది. కొండ వాలుపై చల్లిన ఎరువు, మందు అవశేషాలు వర్షానికి దిగువనున్న జలాలలో కలిసే ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

దీనికి ప్రత్యామ్నాయం మన చెంతనే ఉన్నది. వినాయక పూజలో దూర్వగా అర్పించే గరికయే ప్రపంచమంతటా బెర్ముడా గడ్డి పేరుతో ఆట మైదానాలను పరచుకొన్నది. ఎండ తగిలే విశాల ప్రాంగణాలకు గరిక సంకర రకాలు, తక్కువ కోతతో సరిపెట్టుకొనదలచినచోట జోయ్సియా, చెట్ల నీడలో సెయింట్ ఆగస్టీన్ గడ్డి, ఉప్పునీటి ప్రభావం ఉన్న తీర గ్రామాలలో పాస్పాలం అనువైనవి. ఇంగువలె కొద్దిగా వాడదగిన రసాయనాన్ని కూరగా వడ్డించే అవసరం అప్పుడు కలుగదు.

6. దాళ్వా వరికి ఈ పరిశోధన చెప్పే పాఠం

వరి సి3 మొక్క అయినా ఉష్ణమండలంలో పుట్టి పెరిగినది. ఆకు దశలో అది మన ఎండను తట్టుకొంటుంది. దాని బలహీనత పూత దశలో ఉన్నది. పూలు విచ్చుకొనే సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించితే పుప్పొడి తిత్తులు సరిగా పగలక, కీలాగ్రంపై పడిన పుప్పొడి మొలకెత్తక, గింజ తాలుగా మిగులుతుంది. సున్నితమైన రకాలలో ఒక గంటసేపు కలిగిన అధిక వేడి సైతం నష్టానికి చాలునని నియంత్రిత ప్రయోగాలలో తేలింది. మనదేశపు పాత రకమైన నాగినా 22 ఈ దశలో వేడిని తట్టుకొనే శక్తికి ప్రసిద్ధి పొందింది. రాత్రి వేడి కూడా ఉపేక్షించదగినది కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్ర ఫలితాలను విశ్లేషించి 2004లో వెలువరించిన పరిశీలన ప్రకారం, పొడి రుతువులో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది.

పచ్చికలో మనం కాపాడదలచినది ఆకును, వేరును. అక్కడ కొన్ని వారాల రక్షణ అవసరం. వరిలో కాపాడవలసినది పుప్పొడిని. దానికి కీలకమైన సమయం ఒక్కొక్క పువ్వుకు కొద్ది గంటలే. ఆకుపై పనిచేసిన మందు పుప్పొడిపై అదే విధంగా పనిచేస్తుందని ముందుగా భావించరాదు. పచ్చిక ఫలితాలను చూపి వరికి మందు అమ్మేవారిని విస్తరణాధికారి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

దాళ్వాలో అన్నింటికన్నా బలమైన సాధనం విత్తే తేదీ. సుమారు 120 రోజుల రకం కోతకు 30 రోజుల ముందు పూతకు వస్తుందని లెక్కిస్తే, నవంబరు 20న నారు పోసిన చేను ఫిబ్రవరి 18 ప్రాంతంలో పూస్తుంది. డిసెంబరు 25న పోసినది మార్చి 25 ప్రాంతంలో పూస్తుంది. మొదటిది చల్లని కాలంలో పూత ముగించుకొంటుంది. రెండవది ముదిరిన ఎండలో చిక్కుకొంటుంది. సార్వా కోతలు తుపాను వర్షాల వలన ఆలస్యమైన సంవత్సరాలలో ఈ ప్రమాదం పెరుగుతుంది. అటువంటి ఏడాది తక్కువ కాలపరిమితి గల రకాన్ని ఎంచుకోవడం, వెదజల్లే పద్ధతిలో నాటు జాప్యాన్ని తగ్గించడం, పూత దశలో పొలంలో నీరు తగ్గకుండా చూడడం ముందుగా చేయవలసిన పనులు. రకాల ఎంపికలో మారుటేరు వరి పరిశోధనా స్థానం సిఫారసులు ప్రమాణం. పిచికారీ వీటన్నింటి తరువాత వచ్చే అదనపు చర్య మాత్రమే.

7. క్షేత్ర పరీక్ష నిర్వహించే విధానం

స్థానిక ఫలితాలు లేకుండా సిఫారసు చేయరాదు. విద్యార్థులు తక్కువ వ్యయంతో చేయదగిన పరీక్షకు ఒక నమూనా ఇవ్వడమైనది. గరిక లేదా జోయ్సియా పచ్చికపై యాదృచ్ఛిక ఖండ పద్ధతిలో నాలుగు చర్యలను నాలుగేసి పునరావృతాలతో ఏర్పాటు చేయాలి: పిచికారీ లేనిది, నీరు మాత్రమే, సాలిసిలిక్ ఆమ్లం 0.25 మిల్లీమోలార్, కాల్షియం క్లోరైడ్ 10 మిల్లీమోలార్.

సాలిసిలిక్ ఆమ్లం అణుభారం 138. కనుక 0.25 మిల్లీమోలార్ ద్రావణానికి లీటరుకు 34.5 మిల్లీగ్రాములు, 10 లీటర్లకు 345 మిల్లీగ్రాములు కావాలి. ఇది చల్లని నీటిలో నెమ్మదిగా కరుగుతుంది. ముందుగా కొద్దిపాటి ఆల్కహాలులో కరిగించి నీటిలో కలపాలి. అంతే ఆల్కహాలును మిగిలిన పిచికారీ చర్యల నీటిలో కూడా కలపకపోతే పోలిక చెల్లదు. కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ అణుభారం 147. లీటరుకు 1.47 గ్రాములు, 10 లీటర్లకు 14.7 గ్రాములు అవసరం. పిచికారీ వేడి తీవ్రమయ్యే ముందు, సాయంత్రంవేళ చేయాలి.

కొలతలలో నేల ఉష్ణోగ్రత ముఖ్యం. 5 సెంటీమీటర్ల లోతున మధ్యాహ్నం రెండు గంటలకు, సూర్యోదయానికి ముందు నమోదు చేయాలి. పొరల పటుత్వాన్ని లవణాల స్రావం ద్వారా కొలవవచ్చు. ఆకు ముక్కలను శుభ్రంగా కడిగి, 20 మిల్లీలీటర్ల అయానులు లేని నీటిలో 24 గంటలు ఉంచి వాహకతను కొలవాలి. తరువాత ఆటోక్లేవ్‌లో కణాలను చంపి, చల్లార్చి మరల కొలవాలి. మొదటి విలువను రెండవ విలువతో భాగించి నూరుతో హెచ్చిస్తే స్రావ శాతం వస్తుంది. శాతం తక్కువైతే పొరలు దృఢంగా ఉన్నట్లు. దీనికి తోడు పత్రహరితం, వేళ్ల పొడి బరువు నమోదు చేయాలి. ఆకు రంగు ఒక్కటే చూసి నిర్ణయించరాదు. రంగు నిలిచి వేరు నశించిన గడ్డి తరువాత కోలుకోదు.

వరిలో ఇదే పరీక్ష చేయదలచినవారు వేర్వేరు తేదీలలో నారు పోసి, పూత సమయపు ఉష్ణోగ్రతను, వెన్నుకు నిండు గింజలు, తాలు గింజల సంఖ్యను నమోదు చేయాలి. అప్పుడు విత్తే తేదీ వలన కలిగిన ప్రయోజనం ఎంత, పిచికారీ వలన కలిగినది ఎంత అన్నది విడివిడిగా తెలుస్తుంది. తేడా కనబడని ఫలితాన్ని సైతం ప్రచురించాలి. రైతు డబ్బును ఆదా చేసే ఫలితం అదే కావచ్చు.

ముగింపు

శీతల వర్గపు పచ్చికలో సాలిసిలిక్ ఆమ్లం, కాల్షియం, సైటోకైనిన్లు, పెరుగుదల నియంత్రకాలు వేడి నష్టాన్ని తగ్గిస్తాయన్నది నిరూపితమైన విషయం. అవి సరైన సమయంలో, సరైన గాఢతలో అందినప్పుడు, వేడి తాత్కాలికమైనప్పుడు మాత్రమే ప్రయోజనకరం. గోదావరి మండలంలో వేడి తాత్కాలికం కాదు. కనుక పచ్చికకు మొదట గడ్డి జాతి ఎంపిక, వరికి మొదట విత్తే తేదీ, రకం ఎంపిక ముఖ్యం. మందు గురించి అడిగిన రైతుకు, ఉద్యాన నిర్వాహకునికి విస్తరణ శాస్త్రవేత్త ఈ వరుసలోనే సమాధానం చెప్పాలి. పిచికారీ గురించిన సలహాను స్థానిక పరీక్షల ఫలితాలు లభించిన తరువాతనే ఇవ్వాలి.